మళ్లీ నడిపితే పాసైన టెస్ట్

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినిపించే మాటలు రెండున్నాయి. టెస్ట్ ఫెయిలైందంటే, "నా మెషీన్లో పాసవుతోంది, మళ్లీ రన్ కొట్టు" అంటారు. యూజర్ దగ్గర అప్లికేషన్ క్రాష్ అయిందంటే, "మా దగ్గర రావట్లేదు, మళ్లీ వస్తే చెప్పమనండి" అంటారు. మొదటి మాట బిల్డ్ చూసుకునేవాళ్ల మధ్య నడుస్తుంది, రెండోది సపోర్ట్ టీమ్ దగ్గర. రెండూ వేర్వేరు జాబితాల్లోకి ఎక్కుతాయి, వేర్వేరు మీటింగుల్లో చర్చకొస్తాయి, చాలాసార్లు ఆ మీటింగుల్లోనే ఆగిపోతాయి. డెస్క్‌టాప్ అప్లికేషన్ల విషయంలో ఇంతవరకు పోగైన ఆధారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: చాలాసార్లు ఆ రెండు మాటలూ ఒకే తప్పు గురించి. అప్పుడప్పుడు ఫెయిలయ్యే టెస్టూ, అప్పుడప్పుడు వచ్చే క్రాషూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. అందుకే ఫెయిలైన ఆ ఒక్క రన్ మన చేతిలో ఉన్న అతి విలువైన ఆధారం. బిల్డ్‌ను పచ్చగా చేసుకునే ముందు దాన్ని భద్రపరచాలి. మనం మాత్రం ముందు దాన్నే చెరిపేస్తున్నాం.

కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యేదాన్ని ఫ్లేకీ టెస్ట్ అంటున్నారు. నిలకడ లేని టెస్ట్ అన్నమాట. ఇది ఏ ఒక్క టీమ్ చేతగానితనమో కాదు. గూగుల్ ఇంజినీర్లు 2016లో బయటపెట్టిన లెక్కల ప్రకారం, వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత నిలకడలేనితనం ఉంది. మొత్తం రన్‌లలో నిలకడలేని ఫలితం ఇచ్చినవి 1.5 శాతమే. కానీ పాసవుతున్న టెస్ట్ ఉన్నట్టుండి ఫెయిలైన సందర్భాలను విడిగా తీస్తే, వాటిలో 84 శాతంలో నిలకడలేని టెస్టే ఉంది. ఈ మూడో అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఎర్రరంగు కనబడగానే "ఇది మన తప్పు కాదులే" అనుకోవడానికి ఇంజినీరుకు దొరికిన కారణం అదే మరి. లెక్క ఇంకా చిన్న స్థాయిలోనూ ఇంత కఠినంగానే ఉంటుంది. వెయ్యి టెస్టులున్నాయి, ఒక్కొక్కటి వెయ్యిసార్లలో ఒక్కసారే అకారణంగా ఫెయిలవుతుంది అనుకుందాం. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే. కానీ వెయ్యీ కలిపి నడిపితే, ఎక్కడో ఒకటి ఫెయిలయ్యే అవకాశం 63 శాతం. అంటే మూడు బిల్డుల్లో రెండు ఎర్రగానే వస్తాయి. "నాన్నా పులి" కథలో పిల్లవాడు కావాలని అరిచాడు. ఇక్కడ ఎవరూ కావాలని అరవడం లేదు. అయినా నిజంగా పులి వచ్చినరోజు ఎవరూ కదలకపోవడం మాత్రం అలాగే జరుగుతుంది.

కారణాల మీద వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువగా చెప్పుకునేది 2014 నాటిది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 అపాచీ ప్రాజెక్టుల్లోంచి, ఫ్లేకీ టెస్టులను సరిచేసిన 201 మార్పులు ఏరి చదివారు. కారణం తేల్చగలిగిన వాటిలో 45 శాతం ఎదురుచూపులో తప్పులు. అంటే ఒక పని పూర్తయ్యిందో లేదో చూడకుండా ఫలితం అడగడం. థ్రెడ్ల మధ్య పోటీ వల్ల వచ్చినవి 20 శాతం, టెస్టులు ఏ వరసలో నడిచాయన్న దాని మీద ఆధారపడ్డవి 12 శాతం. ఈ వాటాలను రాతిమీద రాతలా తీసుకోకూడదు. 2019లో అదే బృందానికి దగ్గరి పరిశోధకులు ఐడీఫ్లేకీస్ అనే పరికరంతో 422 ఫ్లేకీ టెస్టులు పట్టుకుంటే, అందులో సగానికి కాస్త పైనే వరసకు సంబంధించినవని తేలింది. మొదటివాళ్లు ప్రోగ్రామర్లు అప్పటికే సరిచేసినవి చూశారు, రెండోవాళ్లు తామే వరస మార్చి మార్చి నడిపి చూశారు. ఏ వలకు ఆ చేప పడింది. కాబట్టి "మన టెస్టుల్లో ఏ కారణం ఎక్కువ" అన్న ప్రశ్నకు జవాబు, మనం ఎలా వెతికామన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

2014 అధ్యయనంలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకెను చాలామంది దాటేసిపోతారు. ఆ మార్పుల్లో 24 శాతం టెస్ట్‌ను దాటి అసలు ప్రోగ్రామును ముట్టుకున్నాయి. అలా ముట్టుకున్న వాటిలో 94 శాతం ప్రోగ్రాములోని నిజమైన తప్పును సరిచేశాయి. అంటే నాలుగింట ఒకటి అటూ ఇటుగా, టెస్ట్ చెప్పింది నిజమే. "మిగతా మూడూ టెస్టు తప్పులే కదా" అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. కానీ టెస్టులో మార్పు చేసి సరిపెట్టినంత మాత్రాన లోపం టెస్టులోనే ఉందని రుజువు కాదు. ఎదురుచూసే సమయాన్ని ఒక సెకను నుంచి అయిదు సెకన్లకు పెంచి వదిలేస్తే, లెక్కలో అది టెస్టు మార్పుగానే పడుతుంది. ఆ ఆలస్యం ప్రోగ్రాములో ఎందుకొచ్చిందో ఎవరూ చూడలేదు. పైగా ఆ ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం జావావి. విడిచిపెట్టిన మెమరీని మళ్లీ ముట్టుకునే ప్రమాదం జావాలో లేదు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్లలో ఆ ప్రమాదం రోజూ ఉంటుంది. అక్కడ ఈ నాలుగింట ఒకటి తగ్గుతుందని అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఆ తప్పు ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూద్దాం. ఫోటోలు చూపించే ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ ఉందనుకోండి. డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో దాదాపు అన్నిచోట్లా ఒక కట్టుబాటు ఉంటుంది: విండోలనూ బటన్లనూ ప్రధాన థ్రెడ్ ఒక్కటే ముట్టుకోవాలి. మౌస్ క్లిక్కులు, కీబోర్డు, టైమర్లు అన్నీ ఒక క్యూలో వచ్చి చేరుతుంటే, అది ఒక్కొక్కటే తీసి చూస్తుంది. బరువైన పనులు పక్క థ్రెడ్లకు అప్పగిస్తారు. యూజర్ ఫోల్డర్ తెరవగానే పక్క థ్రెడ్లు ఒక్కో ఫోటోకూ చిన్న బొమ్మ తయారుచేసి, "ఇది ఫలానా విండోకు ఇవ్వు" అని క్యూలో పెడతాయి. ఆ "ఫలానా విండో" అన్నది మెమరీలో ఒక చిరునామా, అంతే. టెస్ట్ చేసే పని: 40 ఫోటోల ఫోల్డర్ తెరవడం, విండో మూయడం, ప్రోగ్రాము ఇంకా బతికే ఉందో చూడటం. ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లో 40 బొమ్మలూ రెప్పపాటులో తయారైపోతాయి, ఆ తర్వాతే విండో మూతపడుతుంది. టెస్ట్ ఎప్పుడూ పాసే. బిల్డ్ సర్వర్ మీద అదే టెస్ట్ మరో పది పనులతో రెండు కోర్లు పంచుకుంటుంది. అక్కడ విండో ముందు మూతపడుతుంది, దాని మెమరీని వ్యవస్థ వెనక్కి తీసుకుంటుంది. ఆ తర్వాత ఇరవై ఏడో బొమ్మ వచ్చి ఆ పాత చిరునామాలో తలుపు తడుతుంది. చాలాసార్లు పాత సామాను ఇంకా అక్కడే ఉంటుంది కాబట్టి ఏమీ కాదు, టెస్ట్ పాసవుతుంది. ఎప్పుడో ఒకసారి ఆ స్థలం అప్పటికే వేరే వస్తువుకు వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు ప్రోగ్రాము కుప్పకూలుతుంది, లాగ్‌లో "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అనే రెండు మాటలు మిగులుతాయి.

ఇక్కడ జరిగే మామూలు మరమ్మతు అందరికీ తెలిసిందే. విండో మూసే ముందు టెస్టులో అర సెకను స్లీప్ పెడతారు. బొమ్మలు తయారయ్యేదాకా ఆగినట్టు అవుతుంది, బిల్డ్ పచ్చబడుతుంది, టికెట్ మూసేస్తారు. ఇప్పుడు ఒక ఫోటో స్టూడియోలో పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని ఊహించండి. పెళ్లి ఫోటోలు నాలుగు వేలున్న ఫోల్డర్ తెరిచాడు, ఇది మన పెళ్లి కాదే అనుకుని వెంటనే మూసేశాడు. సరిగ్గా ఆ తొందరనే మనం టెస్టులోంచి తీసేశాం. అతని చేతుల్లో అది అలాగే ఉంది. క్రాష్ ఇప్పుడు సపోర్ట్ టీమ్ జాబితాలోకి వెళుతుంది, "మా దగ్గర రావట్లేదు" అన్న జవాబు తయారుగా ఉంటుంది. నిజమే, వాళ్ల దగ్గర రాదు. రాకుండా చేసింది ఆ అర సెకనే.

స్లీప్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు ఎక్కువ చెప్పనక్కర్లేదు. వేగంగా నడిచే మెషీన్ మీద అది వృథా, నెమ్మదిగా నడిచే మెషీన్ మీద చాలదు. దానికి బదులు షరతు నెరవేరేదాకా ఎదురుచూడాలన్నది అందరూ ఒప్పుకున్న మందు. క్యూటీ లైబ్రరీలో దీనికోసం క్యూట్రై వెరిఫై అనే మాక్రో ఉంది. మామూలుగా అయిదు సెకన్ల వరకు, క్యూను నడుస్తూ ఉండనిచ్చి, షరతును మళ్లీమళ్లీ అడిగి చూస్తుంది. నిజం కాగానే ముందుకు సాగిపోతుంది. వెబ్, ఆండ్రాయిడ్ ప్రాజెక్టుల్లో 235 ఫ్లేకీ యూఐ టెస్టులను చూసిన 2021 అధ్యయనంలోనూ పెద్ద వాటా ఎదురుచూపు తప్పులదే. కాబట్టి ఈ మందు చాలామందికి పనిచేస్తుంది. కానీ మన ఫోటోల ప్రోగ్రాముకు ఈ మందు వేస్తే, స్లీప్ చేసిన తప్పునే మరింత శుభ్రంగా చేసినట్టవుతుంది. బొమ్మలన్నీ వచ్చేదాకా ఓపిగ్గా ఆగి మూసే టెస్ట్, తొందరగా మూసే యూజర్ సంగతి ఎప్పటికీ చెప్పదు. అందుకే టెస్ట్ సరిచేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పని పూర్తికాకముందే ముందుకు వెళ్లే హక్కు యూజర్‌కు ఉందా? లేకపోతే ఎదురుచూడటం సరైనదే. ఉంటే రెండు టెస్టులు కావాలి. ఒకటి ఆగి మూసేది, ఇంకొకటి ఆగకుండా మూసేది. రెండోదాన్ని పాస్ చేయించాల్సింది ప్రోగ్రాము.

క్రాషుల వైపు సాహిత్యం వేరే దారిలో పెరిగింది. యూజర్ల మెషీన్ల నుంచి క్రాష్ వివరాలు పోగుచేసి, ఏ ఫంక్షన్ దగ్గర కూలిందో చూసి ఒకేలాంటివి ఒకే బుట్టలో వేయడం మైక్రోసాఫ్ట్ పెద్దఎత్తున చేసి చూపించింది. వచ్చిన ఇబ్బందుల్లో 80 శాతం వెనక ఉన్నవి 20 శాతం తప్పులేననీ, అందులోనూ ఒక్క శాతం తప్పులే సగం ఇబ్బందులకు కారణమనీ ఆ సంస్థ అప్పటి అధిపతి స్టీవ్ బామర్ 2002లో కస్టమర్లకు రాసిన లేఖలో చెప్పారు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, క్రోమ్ ఈరోజు చేస్తున్నదీ ఇదే. నిండిన బుట్టను ముందు పట్టుకో అన్న సూత్రం ఎంతో మేలు చేసింది, అందులో సందేహం లేదు. కానీ ఈ పద్ధతికి ఒక గుడ్డిచోటు ఉంది, దాని గురించి చర్చ తక్కువ. మన ఇరవై ఏడో బొమ్మ వచ్చి తట్టిన చిరునామాలో ఒకరోజు మెనూ ఉండొచ్చు, ఇంకోరోజు ఫాంటు, మరోరోజు ఫైల్ పేరు. పాడైన వస్తువును తర్వాత ఎవరు ముట్టుకుంటే అక్కడ ప్రోగ్రాము కూలుతుంది. ఒకే తప్పు పాతిక బుట్టల్లోకి చెల్లాచెదురైపోతుంది, ఏ బుట్టా నిండదు. జాబితాలో ఎప్పుడూ అడుగునే ఉంటుంది, నివురుగప్పిన నిప్పులా. దాని అసలు చోటును చూపించగలిగేది, అదే విండోను తెరిచి మూసే ఆ నిలకడలేని టెస్ట్ ఒక్కటే. రెండు జాబితాలనూ ఒకేచోట, ఒకే మనుషులు చూడాలని నేను పట్టుబట్టడానికి ప్రధాన కారణం ఇదే.

ఎప్పుడూ వచ్చే క్రాషుకూ ఎప్పుడో వచ్చే క్రాషుకూ అదృష్టంలో ఉన్న తేడా తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణలో కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లూ మాక్ కంప్యూటర్లూ తెలుగు "జ్ఞా"ను చూపించబోయి కూలిపోయాయి. రోజూ రాసే "జ్ఞానం"లోని జ్ఞా కాదది. ఞ వత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, చేరిన వరస. అక్షరాలను కూర్చి బొమ్మగా మార్చే కోర్‌టెక్స్ట్ అనే భాగం అక్కడ తప్పటడుగు వేసేది. ఆ అక్షరం ఉన్న మెసేజ్‌ను తెరిస్తే అప్లికేషన్ కూలేది, మళ్లీ తెరిస్తే అదే మెసేజ్ ఎదురై మళ్లీ కూలేది. పత్రికలు "ఐఫోన్‌ను కూల్చే తెలుగు అక్షరం" అని రాశాయి. దేవనాగరి, బెంగాలీలలోనూ అలాంటి వరసలున్నాయని తర్వాత తేలింది కాబట్టి నింద మన అక్షరం ఒక్కదానిమీదే పడటం అన్యాయం. ఫిబ్రవరి 19కల్లా ఆపిల్ సవరణ విడుదల చేసింది. అంత త్వరగా ఎందుకు జరిగిందంటే, ఆ క్రాషును ఎవరైనా, ఎక్కడైనా, ఎన్నిసార్లైనా తెప్పించగలరు. "మా దగ్గర రావట్లేదు" అనే వీలే లేదు. అదే క్రాష్ వందసార్లలో ఒకసారి మాత్రమే వచ్చి ఉంటే, తెలుగులో మెసేజులు పెట్టుకునేవాళ్ల మాట వినేవాళ్లు ఎందరుండేవారు? తప్పు తీవ్రత రెండు సందర్భాల్లోనూ ఒకటే. మారేది సాక్ష్యం ఒక్కటే.

సాక్ష్యాన్ని కొట్టిపారేస్తే ఏమవుతుందో చూపించే ఘట్టం డెస్క్‌టాప్‌ది కాదు గానీ, తెరముందు కూర్చుని టైప్ చేసే మనిషి తొందరకే సంబంధించినది. క్యాన్సర్ చికిత్సకు వాడిన థెరాక్-25 యంత్రం 1985, 1987 మధ్య ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. 1986 మార్చిలో టెక్సస్‌లోని టైలర్ ఆస్పత్రిలో ఆపరేటర్ "ఇ" కొట్టాల్సిన చోట "ఎక్స్" కొట్టింది, వెంటనే కర్సర్ పైకి జరిపి దిద్దుకుంది. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు 8 సెకన్లు పట్టేది. ఆ లోపలే దిద్దుబాటు పూర్తయితే సాఫ్ట్‌వేర్ దాన్ని గమనించేది కాదు. తెరమీద "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రం వచ్చేది. తయారీ సంస్థ ఇంజినీర్లు వచ్చి పరీక్షించారు, తప్పు మళ్లీ రాలేదు, యంత్రం మళ్లీ పనిలోకి వెళ్లింది. ఏప్రిల్‌లో అదే ఆస్పత్రిలో రెండో రోగి బలయ్యాడు. అప్పుడు ఆస్పత్రి భౌతికశాస్త్రవేత్త, ఆ ఆపరేటర్ కలిసి కూర్చుని, ఆమె ఏ వేగంతో కొట్టిందో ఆ వేగంతోనే మళ్లీమళ్లీ కొట్టి చూసి, ఆ సందేశాన్ని కోరినప్పుడల్లా తెప్పించగలిగారు. సంస్థ ఇంజినీరుకు చెబితే మొదట అతని దగ్గర రాలేదు. వేగంగా కొట్టాలని చెప్పాకే వచ్చింది. అలవాటుపడిన చేతులు కొట్టే వేగం పరీక్షించినవాళ్ల చేతుల్లో లేదు, అంతే తేడా. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో రాసిన విచారణ వ్యాసాన్ని డెస్క్‌టాప్ టెస్టులు రాసే ప్రతివారూ ఒకసారి చదవాలని నా గట్టి అభిప్రాయం.

ఫెయిలైన రన్‌ను సాక్ష్యంగా భద్రపరచాలన్న ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది, మళ్లీ ప్రయత్నించడంలో తప్పేముందన్నది. దీనికి పెద్దమనిషి మద్దతే ఉంది. టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేసిన జిమ్ గ్రే 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న ప్రశ్న మీద రాసిన నివేదికలో తప్పులను రెండు జాతులుగా విడదీశాడు. ఎప్పుడూ ఒకేలా కనిపించేవి బోర్‌బగ్‌లు, చూడబోతే మాయమయ్యేవి హైసెన్‌బగ్‌లు. ఆయన పరిశీలించిన 132 సాఫ్ట్‌వేర్ తప్పుల్లో ఒక్కటి తప్ప అన్నీ రెండో జాతివే. కాబట్టి పని మళ్లీ చేస్తే చాలావరకు గట్టెక్కుతామని, నిలబడే వ్యవస్థలు కట్టే దారి అదేనని ఆయన వాదన. అది అక్షరాలా నిజం. బ్యాంకు లావాదేవీకి కావాల్సింది ఫలితం, కనుక మళ్లీ ప్రయత్నించి సాధించడం సబబే. టెస్ట్‌కు కావాల్సింది సమాచారం. మూడుసార్లు నడిపి ఒక్కసారి పాసైనా పాసే అన్న నియమం పెట్టుకున్నామనుకుందాం. ఇరవైసార్లలో ఒకసారి ఫెయిల్ చేసే నిజమైన తప్పు, వరసగా మూడుసార్లూ ఫెయిలైతేనే మన కంటపడుతుంది. అంటే ఎనిమిది వేలసార్లలో ఒకసారి. ఆ నియమంతో మనం తప్పును కాస్తా నాలుగు వందల రెట్లు కనిపించకుండా చేసుకున్నాం. పది లక్షల మంది రోజూ వాడే అప్లికేషన్‌లో లక్షకొకసారి వచ్చే క్రాష్ కూడా రోజుకు పదిమంది పని చెడగొడుతుంది. వాళ్లలో ఒకరు ఫైల్ సేవ్ చేయని క్షణంలో ఉండొచ్చు. మళ్లీ నడపడం తప్పని నేను అనడం లేదు. మిగతావాళ్ల పని ఆగకుండా మళ్లీ నడపండి, కానీ మొదటి ఫెయిల్‌ను పాసుగా మార్చి రాయొద్దు. దాని లాగ్, కోర్ డంప్, స్క్రీన్ బొమ్మ దాచి, "మూడోసారికి పాసైంది" అని ఉన్నదున్నట్టు నమోదు చేయండి.

రెండో అభ్యంతరం ఖర్చు. నాలుగింట మూడు టెస్టు తప్పులే అయినప్పుడు ప్రతిదాన్నీ తవ్వడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే కదా అంటారు. ప్రతిదాన్నీ ఒకే లోతుకు తవ్వాలని నేనూ అనను. ఏ ఫెయిల్ ఎలా కనబడిందన్నది చూసి లోతు నిర్ణయించవచ్చు. "ఎదురుచూసిన బటన్ రాలేదు" అన్నది ఒక రకం. విండో మేనేజర్ లేని తెర మీద ఫోకస్ రాకపోవడం లాంటిది, పరిసరాల లోపమే కావచ్చు. ప్రోగ్రామే కూలిపోవడం వేరే రకం. టెస్ట్ ఎంత చెత్తగా రాసినా సరే, బటన్లు నొక్కినంత మాత్రాన డెస్క్‌టాప్ అప్లికేషన్ కూలకూడదు. అక్కడ టెస్టును నిందించడం ఆడలేక మద్దెల ఓడు అనడమే. కాబట్టి టెస్టు నడుస్తుండగా క్రాష్ అయితే, అది వెయ్యిసార్లలో ఒకసారే అయినా, యూజర్ పంపిన క్రాష్‌తో సమానంగా చూడాలి. ఈ ఒక్క గీత గీస్తే తవ్వాల్సిన కొండ చాలా చిన్నదవుతుంది. యూఐ టెస్టులు తగ్గించి చిన్నచిన్న యూనిట్ టెస్టులు పెంచాలన్న సలహా కూడా మంచిదే. అయితే విండో మూతపడటానికీ బొమ్మ రావడానికీ మధ్య పోటీ ఏ ఒక్క యూనిట్‌లోనూ ఉండదు. వాటిని కలిపిన చోటే ఉంటుంది. యూఐ టెస్టులన్నీ తీసేస్తే బిల్డ్ నిలకడగానే ఉంటుంది, ఆ చోట ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు.

ఆధారాన్ని భద్రపరచడం చెప్పినంత తేలిక కాదు, అయినా ఇప్పుడు సాధ్యమే. అడ్రస్ శానిటైజర్ అనే పరికరం విడిచిన మెమరీని ముట్టుకున్న క్షణంలోనే పట్టుకుంటుంది. 2012లో దాన్ని ప్రకటించిన గూగుల్ పరిశోధకులు దానివల్ల ప్రోగ్రాము సగటున 73 శాతమే నెమ్మదిస్తుందనీ, క్రోమియం బ్రౌజర్‌లో అప్పటిదాకా తెలియని తప్పులు 300కు పైగా దొరికాయనీ రాశారు. మన ఫోటోల ప్రోగ్రాములో పాత సామాను అక్కడే ఉండి టెస్ట్ పాసైపోయే రన్‌లను కూడా అది ఫెయిల్ చేస్తుంది. ఇరవైసార్లలో ఒకసారి వచ్చేది చాలా తరచుగా వస్తుంది, పైగా ఎవరు విడిచారో ఎవరు ముట్టుకున్నారో రెండు చోట్లూ చెబుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అప్పుడప్పుడు వచ్చే ఫెయిళ్లతో విసిగిన మొజిల్లా ఇంజినీర్లు ఆర్ఆర్ అనే రికార్డరు తయారుచేశారు. ప్రోగ్రాము నడిచిన తీరంతా రికార్డు చేసి, ఫెయిలైన రన్‌ను ఎన్నిసార్లైనా అచ్చంగా అలాగే మళ్లీ నడిపి, వెనక్కి కూడా నడిపి చూడనిస్తుంది. కేయాస్ మోడ్ అనే పద్ధతిలో థ్రెడ్ల వంతులను కావాలని తారుమారు చేసి, అరుదైన తప్పును త్వరగా బయటికి రప్పిస్తుంది. లోపాలు లేకపోలేదు. అది లినక్స్ మీదే నడుస్తుంది, థ్రెడ్లన్నిటినీ ఒకే కోర్ మీద వంతులవారీగా నడుపుతుంది, కాబట్టి రెండు కోర్లు నిజంగా ఒకేసారి ఢీకొంటేనే వచ్చే తప్పులు దానికి దొరక్కపోవచ్చు. విండోస్‌లో ఇలాంటి పనికే మైక్రోసాఫ్ట్ 2017లో టైమ్ ట్రావెల్ డీబగ్గింగ్‌ను అందరికీ ఇచ్చింది. రికార్డింగ్ విలువ తెలియాలంటే 1997 జూలైలో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్‌ను తలచుకుంటే చాలు. దిగిన కొద్దిరోజులకే దాని కంప్యూటర్ ఉండుండి తనంతట తాను రీసెట్ అయ్యేది. ఆ రీసెట్ అంతకుముందే భూమ్మీద పరీక్షల్లో కనిపించింది, వెతికితే మళ్లీ రాలేదు. క్షేమంగా దిగడమే ముఖ్యం కనుక దాన్ని వెనక్కి నెట్టారు. అయితే థ్రెడ్లు ఏ వరసలో నడిచాయో నమోదు చేసే సదుపాయాన్ని ఇంజినీర్లు ప్రోగ్రాములోంచి తీసేయలేదు. భూమ్మీది నమూనా యంత్రంపై ఆ నమోదుతోనే కారణం పట్టుకున్నారు. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని చేతిలో తాళం ఉండిపోయి, ఎక్కువ ప్రాధాన్యం ఉన్న పని వాకిట్లో నిలబడిపోవడమే ఆ కారణం. అంత దూరానికి సవరణ పంపి సరిచేశారు.

గడియారం వల్ల వచ్చే నిలకడలేనితనం మన ఊళ్లలో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా తెలియాలి. ఒక టెస్ట్ ఫైల్ సేవ్ చేసి, "ఈ రోజు తేదీతో సేవ్ అయిందా" అని చూస్తుంది. ప్రోగ్రాము తేదీని ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం రాస్తే, టెస్ట్ స్థానిక సమయం ప్రకారం అడిగితే, హైదరాబాదులో ఆ టెస్ట్ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము అయిదున్నర దాకా ఫెయిలవుతుంది, తర్వాత రోజంతా పాసవుతుంది. రాత్రి నడిచే బిల్డ్ ఎర్రగా వస్తుంది, పొద్దున్న పదింటికి వచ్చినవాళ్లు మళ్లీ నడిపితే పచ్చగా మారుతుంది. అమెరికాలో ఉన్న సహోద్యోగికి అది సాయంత్రం పూట మాత్రమే వస్తుంది. అందరూ నెట్‌వర్క్‌ను అనుమానిస్తారు. నిజానికి ఇది అదృష్టంతో నడిచే తప్పే కాదు, రోజూ అయిదున్నర గంటలు ఖచ్చితంగా వచ్చే తప్పు. ఫెయిలైన ప్రతి రన్ సమయాన్ని ఒక కాగితం మీద రాసుకున్నా కనిపించిపోయేది. అంతకన్నా ముఖ్యం, దీన్ని టెస్టులో గడియారం మార్చి సరిచేసే ముందు, రాత్రి ఒంటిగంటకు సేవ్ చేసిన యూజర్‌కు ఫైల్ మీద నిన్నటి తేదీ కనిపిస్తోందా అని చూడాలి. కనిపిస్తుంటే టెస్ట్ చెప్పింది నిజం.

చివరికి మిగిలేది, సరిచేశామని ఎప్పుడు నమ్మాలన్నది. ఇక్కడ చాలా టీమ్‌లు తమను తాము మోసం చేసుకుంటాయి, తెలియక. వందసార్లలో ఒకసారి ఫెయిలయ్యే టెస్టును సరిచేసి, వందసార్లు నడిపి, వందా పాసైతే సంతోషిస్తారు. ఏ సవరణా చేయకపోయినా ఆ వందా పాసయ్యే అవకాశం 37 శాతం ఉంది. ఆ అవకాశం 5 శాతానికి దిగాలంటే వరసగా 300సార్లు పాసవ్వాలి. పదిసార్లు నడిపి వదిలేసినవాళ్లకు ఏమీ తెలియనట్టే. దీనికన్నా నమ్మదగిన దారి ఒకటుంది: ముందు తప్పును ఎప్పుడూ వచ్చేలా చేయడం. మన ఫోటోల ప్రోగ్రాములో, పక్క థ్రెడ్ బొమ్మను క్యూలో పెట్టే ముందు టెస్ట్ దాన్ని ఆపి ఉంచేలా చిన్న గేటు పెట్టాలి. విండో మూతపడి, మెమరీ విడుదలైపోయాక గేటు తీయాలి. అడ్రస్ శానిటైజర్‌తో ఇప్పుడు ప్రోగ్రాము ప్రతిసారీ కూలుతుంది. పక్క థ్రెడ్ ఆ విండో చిరునామాకు బదులు, విండో పోతే తానే ఖాళీ అయిపోయే సూచికను పట్టుకునేలా, ప్రధాన థ్రెడ్ వాడే ముందు దాన్ని చూసుకునేలా మార్చాలి. అప్పుడు ఆ టెస్ట్ ప్రతిసారీ పాసవుతుంది. మూడువందలసార్లు నడపాల్సిన అవసరం పోతుంది, పాత స్లీప్‌ను తీసేయవచ్చు. క్రాషుల జాబితాలో మెనూ పేరుతోనూ, ఫాంటు పేరుతోనూ, ఫైల్ పేరుతోనూ చెల్లాచెదురుగా ఉన్న ఆ చిన్న బుట్టల్లో ఎన్ని తర్వాతి వెర్షన్ నుంచి ఖాళీ అవుతున్నాయో అప్పుడు లెక్కపెట్టాలి.